మేడం తల ఊపిన రోజు

మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మడికొండ స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది చిన్న డాక్టరమ్మ. "అక్కా, మేడం..." అని ఆగిపోయింది. నేను "ఎప్పుడు" అని మాత్రం అడిగాను. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. దాని వెనక వచ్చినది కూడా వెళ్ళిపోయింది. చినుకులు పడుతున్నా గొడుగు తెరవాలని తోచలేదు. రోజూ లేస్తూనే అమ్మవారి పేరు తలుచుకునేదాన్ని. ఆ క్షణంలో నా మనసులోకి వచ్చింది మాత్రం అమ్మవారి పేరు కాదు. ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన.

సంతాప సభలో నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడి చేతులు జోడించాను. ముందు వరసలో మేడం తమ్ముడు కూర్చుని ఉన్నారు. ఆయన నా వైపు చూడలేదు. చేతిలోని రుమాలును మడత పెడుతూ, విప్పుతూ ఉన్నారు. నాకు మాట రాలేదు. కూర్చున్నాను. "పాపం, దుఃఖం" అని మైకు పట్టుకున్న సార్ అన్నారు. దుఃఖం నిజమే, కానీ నా గొంతు పట్టింది దుఃఖం కాదు, భయం. అది ఏమిటో మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్పకుండా మోయడం ఇక చేతకాక ఈ కలం పట్టాను. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు చదువుతారని రాస్తున్నాను. ఏ కుర్చీయో చెబుతాను.

మా మెడికల్ కాలేజీ దవాఖాన వెనక బిల్డింగులో, పరిశోధన చేసే డాక్టర్లకూ విద్యార్థులకూ శిక్షణ ఇచ్చే చిన్న విభాగం ఉంది. ఒక జబ్బు మీదో, కొత్త మందు మీదో పని మొదలుపెట్టేవాళ్ళు ముందు అక్కడికి రావాలి. రోగిని రక్తం ఎలా అడగాలి, తీసినది ఎలా దాచాలి, లెక్కలు ఎవరికి చూపించుకోవాలి, అనుమతి ఇచ్చే కమిటీకి ఏం రాయాలి, ఇవన్నీ నేర్పుతారు. మధ్యలో ఎవరికైనా చిక్కు వస్తే పక్కన నిలబడి సాయం చేస్తారు. ఆ విభాగాన్ని మొదటి నుంచి నడిపింది మేడం. శనివారం శనివారం సెమినార్. నేను అక్కడ అటెండర్ను. కుర్చీలు వేసి, ప్రొజెక్టర్ వైరు తగిలించి, టీ పోయడం నా పని.

మేడం మరిపెడ దిక్కు రైతుల బిడ్డ. పెద్ద చదువులు చదివినా మాట మారలేదు. సెమినార్ మొదలయ్యే ముందు మైకు బాగుందో లేదో తట్టి చూసేవారు, తర్వాత దాన్ని పక్కన పెట్టి మాట్లాడేవారు. వెనక వరసకు వినపడాలని ఎండాకాలంలో కూడా ఫ్యాన్ ఆపించేవారు. పిల్లలు చెమటలు కక్కుతూ "మేడం, జర ఫ్యాన్" అంటే, "దవాఖాన వరండల పేషెంట్లకు ఫ్యానున్నదా? గాళ్ళతోని మాట్లాడుటానికేనాయె మీరు నేర్చుకునేది" అనేవారు. కళ్ళజోడు చీర కొంగుతో తుడిచి, ఇంకా మసకగా ఉందని మళ్ళీ తుడిచేవారు.

ఒక శనివారం ఒక పరిశోధక విద్యార్థి తన పని గురించి తెలుగులో చెప్పి చూపించాలి. రోగికి చెప్పినట్టు చెప్పమన్నారు మేడం. అతను గోడకు చెబుతున్నట్టు గడగడా చదివేశాడు. నేను టీ ట్రే పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను.

"చెల్లె, ఆ ట్రే అక్కడ పెట్టి ఇటు రా. కూర్చో" అన్నారు మేడం.

డాక్టర్ల ముందు కుర్చీలో కూర్చోవడం నాకు అలవాటు లేదు. అంచున కూర్చున్నాను. అతను నా మొహం చూస్తూ మళ్ళీ అంతా చెప్పాడు. సగం ఇంగ్లీషు.

"అర్థమైందా అమ్మా?"

"అయింది సార్" అని తల ఊపాను.

"ఏమర్థమైందో చెప్పు చెల్లె" అన్నారు మేడం.

ఏం చెప్పను? నవ్వి తల దించుకున్నాను. గదిలో అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు.

"ఈమె ఎందుకు తల ఊపింది? మీరు పెద్దోళ్ళని. కాదంటే బాగుండదని. దవాఖానల అందరు గిట్లనే ఊపుతరు. మీరు దాన్ని ఒప్పుకున్నరని రాసుకుంటరు. తల ఊపుడు ఒప్పుకునుడు కాదు. రాసుకోండ్రి, ఇది రాసుకోండ్రి."

ఆ రోజు నుంచి ఆ కుర్చీ నాది అయింది. ఎవరు కొత్త పరిశోధన మొదలుపెట్టినా ముందు నా ఎదురుగా కూర్చుని చెప్పాలి. విన్నది నేను నా మాటల్లో తిరిగి చెప్పాలి. నేను చెప్పలేకపోతే వాళ్ళు వార్డుకు వెళ్ళకూడదు. అది మేడం పెట్టిన పద్ధతి. పిల్లలు దానికి 'అక్క పరీక్ష' అని పేరు పెట్టుకున్నారు.

వినడానికి సులువుగా ఉంది కానీ నాకు ఆ పని చాలా కష్టమైంది. అర్థం కాలేదు అనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. అత్తగారు చెప్పినా, బడిలో పంతులు చెప్పినా, గుడిలో అయ్యగారు చెప్పినా తల ఊపడమే మర్యాద. నా గొంతు మామూలుగానే పక్కవాళ్ళకు వినపడదు. మేడం నన్ను ఖాళీ గదిలో కూర్చోబెట్టి ఆ ఒక్క మాట అనిపించేవారు.

"అను."

"అర్థం కాలేదు సార్."

"సార్‌ను మాఫీ అడిగినట్టున్నది. జర గట్టిగ."

"అర్థం కాలేదు సార్."

"ఇప్పుడు బాగుంది. అర్థం కాలేదనుడు తప్పు కాదు చెల్లె. కానిదాన్ని అయినట్టు చేసుడే తప్పు."

పోను పోను పిల్లలకు నేనంటే భయం, చనువు రెండూ వచ్చాయి. ఒకడు తన వంతు రోజున టీ తనే కలిపి తెచ్చి, "షక్కర దండిగ ఏసిన అక్కా, ఈసారన్న పాస్ చెయ్యి" అన్నాడు. ఇంకొకడు సగం మందికి మందు, సగం మందికి మందు లేని గోలి ఎలా ఇస్తారో క్రికెట్ టాసుతో చెప్పాడు. నేను క్రికెట్ ఎప్పుడూ చూడలేదు. "అర్థం కాలేదు సార్" అన్నాను. వాడు తల పట్టుకున్నాడు. మేడం వెనక నుంచి, "ఆమెకు లక్కీ చీటీ తెలుసు, గా ముచ్చటతోని చెప్పు" అన్నారు. అప్పుడు వాడు, "డబ్బల చీటీలేస్తరు అక్కా. ఒక చీటీల మందుంటది, ఒక చీటీల ఉత్త గోలి. ఎవలకు ఏది వచ్చిందో మీకు తెల్వది, నాకు సుత తెల్వది" అన్నాడు. ఠక్కున అర్థమైంది. ఆ తర్వాత మా దగ్గర అందరూ 'ఉత్త గోలి' అనే అనేవాళ్ళు.

కొంతకాలానికి నాకు కొత్త దిగులు పట్టుకుంది. విని విని నాకన్నీ తెలిసిపోతున్నాయి, ఇక నేను ఈ కుర్చీకి పనికిరానేమో అని. మేడంతో చెప్పాను. ఆమె సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టి, "నీకు వాళ్ళ పద్ధతి తెలిసింది గని, వాళ్ళ మందు తెల్వది గదా. ప్రతి మందు కొత్తదే. ఫికర్ చెయ్యకు, నువ్వు రిటైరయ్యేదాక నీకు అర్థం కానియి వస్తనే ఉంటయి" అన్నారు.

మేడంకు పూజలు, మొక్కులు లేవు. నేను శుక్రవారం భద్రకాళి గుడి నుంచి ప్రసాదం తెస్తే ముందుగా డబ్బా తెరిచేది మాత్రం ఆమే. "దేవుని సంగతి నాకు తెల్వది చెల్లె, పులిహోర మీద మాత్రం పూర్తి నమ్మకం" అనేవారు. నేను నొచ్చుకుంటానేమోనని వెంటనే నా మొహం చూసేవారు. నేను నొచ్చుకోలేదు. ఆమె కోసం రోజూ నేను మొక్కేదాన్ని కదా, ఇద్దరి వాటా నేనే మొక్కుతున్నానని అనుకునేదాన్ని.

ఇప్పుడు చిన్న డాక్టరమ్మ గురించి చెప్పాలి. ఖమ్మం దిక్కు పిల్ల. ఊపిరితిత్తుల జబ్బుల మీద పని చేస్తుంది. మొదటిసారి నా ముందు కూర్చున్నప్పుడు చాలా తొందరగా, చాలా ప్రేమగా మాట్లాడింది. అదే ఆమె చిక్కు. రోగి భయపడతాడేమోనని భయపెట్టే సంగతులన్నీ మెత్తగా చుట్టి దాటేసేది. "చిన్న సూది", "ఏం కాదమ్మా", "మీకే మంచిది". నేను అర్థం కాలేదన్నాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అన్నాను. వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంటుంటే మేడం వెళ్ళి పక్కన నిలబడ్డారు.

"ప్రేమ ఉన్నది నీకు. మంచిదే. కాని బిడ్డా, ప్రేమతోని సుత మోసం చేయొచ్చు. వద్దు అనే దారి తెరిచి పెట్టినంకనే రమ్మని పిలువాలె."

ఆ పిల్ల నేర్చుకుంది. తర్వాత మేడం దగ్గర చదివినవాళ్ళలో ఆమె అంత బాగా చెప్పేవాళ్ళు నాకు కనపడలేదు.

మేడంకు పొడి దగ్గు ఎప్పటి నుంచి ఉందో మాకు సరిగా గుర్తు లేదు. ఫ్యాన్ ఆపమనే మనిషి ఒక శనివారం తనే ఫ్యాన్ వేయమన్నారు. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మెట్లు ఎక్కేటప్పుడు గోడ మీద అతికించిన నోటీసులు చదువుతున్నట్టు ఆగేవారు. పాత నోటీసులే, ఎన్నోసార్లు చదివినవే. ఊపిరితిత్తులు మెల్లగా గట్టిపడిపోయే జబ్బు అని తేలింది. ఉన్న మందులు దాన్ని నెమ్మది చేస్తాయి, ఆపలేవు. ఈ సంగతి మేడం నాకు తనే చెప్పారు, వర్షం పడుతుందని చెప్పినంత మామూలుగా.

అదే సమయంలో చిన్న డాక్టరమ్మ చేస్తున్న పరిశోధన సరిగ్గా ఆ జబ్బుకు కొత్త గోలి మీద. ఈ మాట తెలిసిన రోజు నేను గుడికి వెళ్ళి, మేడం కోలుకుంటే అమ్మవారికి ఒడిబియ్యం పోస్తానని మొక్కుకున్నాను. ఆ గోలి అమ్మవారే పంపిందని నాకు అనిపించింది. మేడం తమ్ముడు సుబేదారిలో ఉంటారు, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన రోజూ అక్క ఇంటికి వచ్చి ఒకటే మాట. "ఇంక ఆలోచించుడేంది అక్కా, సంతకం పెట్టు. నీ దగ్గర నేర్చుకున్న పిల్లనే ఇస్తాంది గదా." చిన్న డాక్టరమ్మ కూడా మేడం చేరాలనే కోరుకుంది. నేను అయితే మరీ. మా ముగ్గురి ఆశా ఒకటే.

వివరాలు వినడానికి మేడం దవాఖానకు వచ్చిన రోజు నన్ను కూడా పిలిచారు. చదువు రాని రోగి అయితే పక్కన ఒక సాక్షి ఉండాలి. మేడంకు అక్కర లేదు. అయినా, "రూలు నాకు సాక్షి అక్కర లేదంటది. నాకు కావాలె" అన్నారు. నేను గోడ పక్క స్టూలు మీద కూర్చున్నాను. మేడం రోగి కుర్చీలో, పక్కన తమ్ముడు. ఎదురుగా చిన్న డాక్టరమ్మ. అప్పటికే ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆమె మొదలుపెట్టింది. "మేడం, ఇది మీకు తెలియంది కాదు. చీటీల లెక్క మీకు తెలుసు."

మేడం తల ఊపారు.

"లోపల చూసే పరీక్ష ఒకటి ఉంటది, అదీ మీకు తెలుసు."

మేడం తల ఊపారు.

"వారం వారం రావాలె, అదీ ఎట్లనో..."

మేడం మళ్ళీ ఊపారు. "సరే బిడ్డా" అన్నారు.

ఆ తల ఊపడం నాకు బాగా తెలుసు. అది నాది. కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదుటి మనిషి మొహంలోని ఆశను చెడగొట్టలేక ఊపే తల అది. మేడం కళ్ళు ఆ పిల్ల మాటల మీద లేవు. ఆమె చెవిలో మాటలు పడుతున్నాయో లేదో కూడా నాకు తెలియలేదు. అన్నీ తెలిసిన మనిషి కదా, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పడం లేదు. 'మీకు తెలిసిందే' అనే ఒక్క మర్యాద మాటతో అంతా దాటిపోతోంది. మేడం చేయి కలం వైపు వెళ్ళింది.

నేను చెప్పకపోతే ఆమె సంతకం పెడతారు. పెడితే చీటీలో మందు రావచ్చు. మందు వస్తే బతకవచ్చు. నేను కోరుకున్నది అదే, మొక్కుకున్నది అదే. చెబితే ఏమవుతుందో తెలియదు. మనసులో అమ్మవారిని తలుచుకున్నాను. ఆమె ఏ దారీ చూపించలేదు.

"అర్థం కాలేదు డాక్టరమ్మా" అన్నాను.

ఎంత మెల్లగా అన్నానో, ముందు ఎవరికీ వినపడలేదనుకున్నాను. మేడం తమ్ముడు తిరిగి చూశారు. "నీకెందుకు అర్థం కావాలె అమ్మా? పేషెంటు అక్క గదా."

మేడం కలం మీద నుంచి చేయి తీశారు. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. నిద్రలో నుంచి ఎవరో లేపితే చూసే చూపు అది. ఆమె ఊపిరి గీరుకుంటూ వినిపిస్తోంది.

"మళ్ళ చెప్పు బిడ్డా" అన్నారు చివరికి. "మొదటి నుంచి చెప్పు. నాకు ఏం తెల్వదనుకో. మరిపెడ నుంచి ఇప్పుడే బస్సు దిగిన అనుకో."

చిన్న డాక్టరమ్మ పెదవి కొరుక్కుంది. లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చింది. తన కుర్చీలో కూర్చోకుండా నా పక్కనున్న ఇంకో స్టూలు లాక్కుని మేడం మోకాళ్ళకు దగ్గరగా కూర్చుంది. ఈసారి అన్నీ చెప్పింది. మీకు ఉత్త గోలి రావచ్చు మేడం, వచ్చిందో లేదో నాకు కూడా తెల్వది. మందు వచ్చినా అది పనిచేస్తుందో లేదో ఎవరికీ తెల్వది, తెలుసుకునేందుకే ఈ పని. నోట్ల నుంచి ఊపిరితిత్తుల్లోకి గొట్టం వేసి కొంచెం ముక్క తీయాలె, మొదట ఒకసారి, చివర ఒకసారి. మీ ఊపిరి ఇప్పుడున్న స్థితిలో ఆ గొట్టం తర్వాత ఆయాసం పెరగొచ్చు, పెరిగింది తగ్గకపోవచ్చు. వద్దంటే మీ ఇప్పటి వైద్యం ఇట్లనే నడుస్తది. చేరినా ఏ రోజైనా చాలు అనొచ్చు. చివరి మాట దాకా ఆ పిల్ల ఆపలేదు.

మేడం అంతా విని, తనే తిరిగి చెప్పారు. "చీటీ ఏస్తవ్. మందుంటే ఉంటది, లేకుంటె లేదు. గొట్టం ఏస్తవ్. దాంతోని నేను ఇంకింత కూలబడొచ్చు. నా కోసం కాదు ఇది, నా ఎనక వచ్చేటోళ్ళ కోసం. అంతేనా?"

"అంతే మేడం."

"పాసైనవ్" అన్నారు. తర్వాత, "ఇంటికి పోయి ఆలోచించుకుంట" అన్నారు.

వరండాలో మేడం తమ్ముడు నన్ను ఆపారు. అరవలేదు. అరిచినా బాగుండేది. "నువ్వు జర నోరు మూసుకుంటే అయిపోతుండె గదమ్మా. సంతకం అయిపోతుండె" అన్నారు. ఆయనకు ఉన్నది ఒక్కతే అక్క.

శుక్రవారం ప్రసాదం తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పులిహోర డబ్బా తెరిచి వాసన చూసి మూత పెట్టారు. తినలేదు.

"వద్దన్న చెల్లె" అన్నారు.

నేను నేల మీద కూర్చుండిపోయాను.

"నా ఎనకటోళ్ళ కోసం త్యాగం చేస్త అని చెప్పాలనే ఉండె. ఇన్నేండ్లు గదే నేర్పిన కదా. కాని నాకు గొట్టం అంటే భయమైతాంది. అంతే. వేరే కారణం లేదు. ఊపిరి ఆడక టేబుల్ మీద పండుకొని ఉండుడు తలుచుకుంటేనే గుండె దడదడ అంటాంది. వద్దంటే తప్పు లేదని ఎంతమందికి చెప్పిన్నో. నా నోటికి ఆ మాట వచ్చేతందుకు మూడు రాత్రులు పట్టింది."

"నేను ఆ మాట అనకపోతే మీరు సంతకం పెట్టేవాళ్ళు కదా మేడం" అన్నాను.

"పెడుతుంటి."

"మంచిగయ్యేవాళ్ళేమో."

"కావచ్చు." ఆమె అబద్ధం చెప్పలేదు. నన్ను ఓదార్చడానికి కూడా చెప్పలేదు. "కాకపోవచ్చు. తెల్వది చెల్లె. నువ్వు నాకు చెడ్డ చేసినవో మంచి చేసినవో నాకు తెల్వది. కాని ఆ రోజు ఆ గదిల నాతోని మాట్లాడింది నువ్వొక్కదానివే. మిగిలినోళ్ళందరు మేడంతోని మాట్లాడిండ్రు."

ఆ తర్వాత కూడా కొన్ని శనివారాలు వచ్చారు. మాట్లాడే ఓపిక లేక వెనక వరసలో కూర్చునేవారు. వెనక్కి వినపడకపోతే చేయి ఎత్తేవారు. వానలు మొదలయ్యాక రాలేకపోయారు. ఇంట్లోనే, తమ్ముడి చేతిలో చేయి పెట్టి పోయారని చిన్న డాక్టరమ్మ చెప్పింది. దవాఖానలో కాదు, గొట్టాల మధ్య కాదు. అది తలుచుకుని ఒక్కోసారి ధైర్యం తెచ్చుకుంటాను. ఇంకోసారి, గోలి వేసుకుని ఉంటే ఈ వానలు దాటేవారేమో అనిపిస్తుంది. అప్పుడు ధైర్యం నిలవదు.

సంతాప సభ అయిపోయాక కుర్చీలు మడతపెడుతూ చిన్న డాక్టరమ్మను అడిగాను.

"ఆ గోలి పనిచేస్తాందా డాక్టరమ్మా?"

"తెల్వదక్కా. నిజంగనే తెల్వది. అందరిది అయ్యేదాక ఎవరికి ఏం వచ్చిందో మేం విప్పి చూడరాదు. ఇంకా ఏండ్లు పడుతది."

"పనిచేస్తదని తేలితే?"

ఆమె కుర్చీ పట్టుకుని నిలబడింది. "నువ్వడిగితే చెప్త. అడగకపోతే చెప్పను. నీ ఇష్టం అక్కా."

మేడం నేర్పిన పిల్ల. నాకు కూడా వద్దనే దారి తెరిచి పెట్టింది. అడుగుతానో లేదో నాకు ఇంకా తెలియదు.

ఒడిబియ్యం మొక్కు సంగతి అయ్యగారిని అడిగితే, కోలుకుంటే పోస్తానన్నావు, కోలుకోలేదు కనుక అక్కర లేదు అన్నారు. అయినా పోశాను. ఎప్పుడూ అమ్మవారి ముందు నిలబడితే నీ దయ తల్లీ అని తల ఊపి వచ్చేదాన్ని. ఆ రోజు ఊపలేదు. నాకు అర్థం కాలేదు తల్లీ అన్నాను. జీవితంలో మొదటిసారి ఆమెతో ఆ మాట అన్నాను. ఆమెకు కోపం వచ్చినట్టు నాకు అనిపించలేదు. ఇది తప్పో ఒప్పో పెద్దవాళ్ళు చెప్పాలి.

మొన్న చిన్న డాక్టరమ్మకు ఒక సంచి ఇవ్వడానికి వార్డుకు వెళ్ళాను. ఆమె ఒక ముసలాయనకు అదే పరిశోధన గురించి చెబుతోంది. మగ్గం మీద జీవితమంతా గడిపిన మనిషట. పక్కన భార్య. నేను తలుపు బయటే ఆగిపోయాను.

"ఉత్త గోలి వస్తే నేను ఊరికెనే వచ్చి పోవుడేనా?" అని అడుగుతున్నాడు.

"అవును తాతా. ఊరికెనే."

"గొట్టం మాత్రం ఏస్తవు."

"ఏస్త తాతా."

ఆయన చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "వద్దు బిడ్డా" అన్నాడు.

వద్దనకు తాతా అని లోపలికి వెళ్ళి చెప్పాలనిపించింది. చెప్పవద్దనీ అనిపించింది. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"సరే తాతా. మీ మందులు మీకు గట్లనే ఇస్తం. ఏం ఫరక్ పడదు."

ముసలమ్మ మాత్రం భయపడింది. "కోపం చేసుకోకు డాక్టరమ్మా, ఆయనకు తెల్వది."

"తెలుసమ్మా ఆయనకు. మంచిగ అడిగిండు, మంచిగ చెప్పిండు. కోపమెందుకు?"

వాళ్ళిద్దరూ బయటికి వచ్చి పొడుగు వరండా వెంబడి నడిచారు. ఆయన ఒక చేయి గోడ మీద ఆనించి, మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నడిచాడు. ముసలమ్మ నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తోంది, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవలేదు. ఆయన తిరిగి చూడలేదు. మూలమలుపు దగ్గర ఆమె చేయి పట్టుకున్నాడు. ఇద్దరూ కనపడకుండా పోయారు. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

ఈ కాగితాలు సెమినార్ గది అలమారాలో పెట్టి వెళతాను. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునే తల్లీ, చదివి అక్కడే ఉంచు. పారేయకు. మేడం తమ్ముడికి గాని, చిన్న డాక్టరమ్మకు గాని చూపించకు. ఆ గోలి సంగతి ఏ రోజు ఎలా తేలుతుందో. తేలిన రోజున నేను ఇక్కడ లేకపోతే, వాళ్ళు ఇవి చదివి నన్ను తప్పు పట్టకుండా ఉండేందుకు ఏదో ఒక మంచి మాట వెతకకూడదు.